పిచ్చుక చెప్పలేని పిల్ల

మోతెకుంట పిల్లలందరికీ మనసు బాగాలేదని ఒక పిచ్చుక తేల్చి చెప్పింది. ఒక్క వేదితకు తప్ప. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు చూడండి, అచ్చం అలాగే. ఆ ఏడేళ్ళ పిల్ల గురించే నా బాధంతా. మిగతావాళ్ళ వ్యవహారం నవ్వులాట, అదీ చెబుతాను.

నేను ఈ ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరుని. పేరు సుచరిత. పుట్టింది పక్క ఊళ్ళోనే. కోపం కాస్త ఎక్కువని మా సిస్టర్లు అంటారు, వాళ్ళు అబద్ధం చెప్పరు. పిచ్చుకను తెచ్చినవాడు వినీల్. కాలేజీలో నాకు జూనియర్. ఇప్పుడు హైదరాబాదులో పిల్లల మనసుల మీద పరిశోధన చేసే ఒక సంస్థలో శాస్త్రవేత్త. పల్లెటూరి ఆసుపత్రుల్లో పిల్లలకు బరువు చూస్తాం, టీకాలు వేస్తాం, కళ్ళు చూస్తాం. మనసు మాత్రం చూడం. చూడడం ఎలాగో మాకు ఎవరూ నేర్పలేదు. ఆ లోటు తీర్చడానికే వినీల్ తన జీవితంలో మంచి వయసంతా పెట్టి ఆ పిచ్చుకను తయారుచేశాడు. పల్లెల్లో మొదటి పరీక్షకు మా ఊరిని ఎంచుకున్నాడంటే నాకు గర్వంగానే ఉండింది.

ఆ రోజు పొద్దున్నే ఆసుపత్రి వరండా నిండిపోయింది. పసుపు ఉడకబెట్టే రోజులు కావడంతో తల్లుల చేతులూ చీర కుచ్చిళ్ళూ పసుపుమయం. సూది లేదు, మందు లేదు, పిల్ల చేతిలో ఒక పిచ్చుక కాసేపు కూర్చుంటుంది అంతే అని ముందే చెప్పించాను. లేకపోతే ఒక్కరూ వచ్చేవారు కాదు.

మొదట పుష్పలత వచ్చింది. ఆరేళ్ళ కొడుకు మన్విత్‌ను రెక్క పట్టుకొని ఈడ్చుకొచ్చింది. వాడు ఏడుస్తూ వచ్చినవాడు కాస్తా పిచ్చుకను చూడగానే ఏడుపు మానేసి అరచెయ్యి చాపాడు. గుప్పెట్లో పట్టేంత యంత్రం అది. ఈకలూ ముక్కూ మెడ తిప్పడమూ అన్నీ నిజం పిచ్చుకలాగే ఉంటాయి. అది వాడి అరచేతిలోకి గెంతి, నాడి దొరికేదాకా కాళ్ళు అటూ ఇటూ జరిపి, కుదురుగా కూర్చుంది. కళ్ళు వాడి ముఖం మీద పెట్టి, చెవి మాత్రం తల్లి వైపు తిప్పింది.

"అమ్మా, మీ బిడ్డ ఎలా ఉంటున్నాడు?" అని అడిగింది. రేడియోలో వార్తలు చదివే గొంతు.

వరండాలో ఆడవాళ్ళంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వారు. పుష్పలత మాత్రం నడుముకు చేతులు పెట్టుకుంది.

"ఏం చెప్పాలె పిచ్చుకమ్మా. ఇది పిల్లగాడు గాదు, పిశాచి. బువ్వ తినడు. చెప్పిన మాట వినడు. రాత్రయితె పండడు, పొద్దుగాల లేవడు. బడికి పొమ్మంటె కడుపు నొస్తాందంటడు. వీనితోని నా పాణం పోతాంది."

పిచ్చుక పొట్ట మెల్లగా ఎర్రబడింది. వినీల్ చేతిలోని, పిచ్చుక లెక్కలు కనబడే తెర పలక చూసుకొని, "తీవ్రమైన ఒత్తిడి అక్కా. నిద్రలేమి, తిండి మీద అయిష్టం, బడి భయం," అన్నాడు నాకు మాత్రమే వినబడేలా. మన్విత్ అప్పటికే పిచ్చుక తోక పీకడానికి ప్రయత్నిస్తున్నాడు. వాడి బుగ్గలు చూస్తే తిండి మీద అయిష్టం ఉన్నవాడిలా లేడు.

తర్వాతి తల్లి తన కూతురు దయ్యమంది. ఆ తర్వాతామె తన కొడుకు తొండి అంది, మొండి అంది, పోయిన జన్మలో తను చేసుకున్న పాపమంది. పిచ్చుక ఒక్కొక్క అరచేతిలో కూర్చోవడం, పొట్ట ఎర్రబడడం. ఆకుపచ్చ అంటే మనసు కులాసా, పసుపు అంటే కనిపెట్టుకొని ఉండాలి, ఎరుపు అంటే ఆలస్యం చేయకూడదు. మధ్యాహ్నానికి ఆకుపచ్చ మాట దేవుడెరుగు, పసుపు కూడా కనబడలేదు.

"తల్లి మాట పక్కన పెట్టి నాడి ఒక్కటే చూడరాదా?" అన్నాను.

"కుదరదక్కా. ఉరికొచ్చిన పిల్ల నాడీ, భయపడ్డ పిల్ల నాడీ ఒకేలా ఉంటాయి. తేడా చెప్పేది తల్లి మాటే. పిల్ల సంగతి తల్లికంటే ఎవరికి తెలుస్తుంది? పట్నంలో ఎంతమంది తల్లుల మాటలు వినిపించి దీనికి చదువు చెప్పానో. అక్కడ ఒక్కసారి కూడా తప్పలేదు."

అందరికంటే చివర సౌజన్య వచ్చింది, ఒక చేత్తో వేదితను, చంకలో కొడుకును పెట్టుకొని. వాడి పేరు రుత్విక్. పుట్టినప్పుడు గుండెలో రంధ్రం. నేనే కనిపెట్టి హైదరాబాదు పంపాను. అక్కడ ఆపరేషను చేసి బాగుచేశారు. ఏడాది దాటింది, ఇప్పుడు వాడు కోడెదూడ. వచ్చీ రావడంతోనే నా బల్ల మీది మందుల డబ్బా కింద పడేశాడు.

వేదిత చెయ్యి చాపమంటే చాపింది. పిచ్చుక వచ్చి కూర్చుంటే నవ్వలేదు, వేళ్ళు కదల్చలేదు, దాని ముక్కు ముట్టుకోలేదు. పిచ్చుక తన ప్రశ్న అడిగింది.

"మా వేదిత బంగారం," అంది సౌజన్య. "ఏనాడు సతాయించదు. అడిగింది లేదు, అలిగింది లేదు. ఇంట్ల ఉంటె ఉన్నట్టే ఉండది. గసొంటి పిల్ల ఎవరికీ ఉండది."

ఇంతలో రుత్విక్ చంకలోంచి వంగి పిచ్చుకను లాక్కున్నాడు. వేదిత అరచెయ్యి తెరిచి వాడికి అందేలా కాస్త పైకి పెట్టింది. వినీల్ వాడి చేతిలోంచి పిచ్చుకను ఎలాగో విడిపించుకొని పొట్ట చూశాడు. లేత చింతాకు రంగు.

వినీల్ ఆనందం చెప్పలేను. ఒక్క ఆకుపచ్చ కూడా లేకపోతే యంత్రం చెడిపోయిందంటారని లోలోపల భయపడుతున్నాడు పాపం. "ఈ పాప ఫొటో మా పోస్టర్ల మీద వేస్తాం. మంచి మనసు అంటే ఇలా ఉండాలని," అంటూ ఫొటో తీశాడు. సౌజన్య మురిసిపోయింది. మేం మాటల్లో పడ్డాం. కాసేపటికి చూస్తే పిల్ల చెయ్యి ఇంకా చాపే ఉంది. దించమని ఎవరూ చెప్పలేదు మరి.

"దించు బిడ్డా," అన్నాను. అప్పుడు దించింది. ఏడేళ్ళ పిల్ల ఇలా ఉండకూడదనిపించింది. కాని ఏం చెప్పను? యంత్రం బాగుందంది, తల్లి బాగుందంది, పిల్ల ఒంటి మీద ఒక్క గాయం లేదు.

సాయంత్రానికల్లా సంస్థ నుంచి ఆదేశం వచ్చింది. ఎర్ర పిల్లలందరినీ జిల్లాలోని పరిశీలన కేంద్రానికి తీసుకుపోవాలి. ఒక నెల అక్కడే ఉంచుతారు. తల్లిదండ్రులు వెంట ఉండకూడదు. సోమవారం బస్సు వస్తుంది.

"ఊళ్ళె ఉన్న పిల్లలందర్నా? నీకేమన్న తిక్క లేసిందా వినీల్?"

"అక్కా, నాకు మాత్రం సంతోషమా? ఒక పల్లెలో ఇంతమంది పసివాళ్ళు లోలోపల ఏడుస్తున్నారంటే నాకు నిద్రపట్టడం లేదు. యంత్రానికి పక్షపాతం ఉండదు కదా."

వాడి కళ్ళల్లో నిజంగానే నీళ్ళు.

ఊళ్ళో రెండు రోజులు లొల్లి. మా పిల్లలకు పిచ్చా అని కొందరు, పంపేది లేదని కొందరు. ఆ తర్వాత జరిగింది మాత్రం నేను అనుకోలేదు. తల్లులంతా వేదిత జపం మొదలుపెట్టారు. ఆ పిల్లను చూసి నేర్చుకో, ఆ పిల్ల లెక్క ఉంటే బస్సెక్కుడు తప్పుతది. పిల్లలకు బస్సంటే భయం పట్టుకుంది. చూసి నేర్చుకున్నారు.

శుక్రవారం టీకాల పని మీద బడికి వెళ్ళాను. ఆటల గంట కొట్టారు. మామూలుగా ఆ గంటకు ఊరి కుక్కలు కూడా పక్కకు తప్పుకుంటాయి, అంత ఉరుకుడు. ఆ రోజు పిల్లలు వరుసగా బయటికి వచ్చి, చింతచెట్టు కింద కూర్చొని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నారు. మన్విత్ కూడా. తొండి ఆడకుండా, మట్టి ముట్టకుండా, నోరెత్తకుండా కూర్చున్నారు. వాళ్ళ మధ్యలో వేదిత. ఆమె ఒక్కతికే అది అలవాటు. మిగతావాళ్ళు కష్టపడుతున్నారని తెలిసిపోతోంది, ఒకడి కాలు ఆగకుండా ఊగుతోంది.

"ఎంత క్రమశిక్షణో చూడండి మేడం," అన్నాడు బడి పంతులు.

నాకు ఒళ్ళు మండిపోయింది. బండి ఎక్కబోతూ బడి గేటు గట్టిగా వేశాను.

ఇంటికి వెళ్ళేసరికి మా అమ్మ పెరట్లో చిక్కుడుకాయలు తెంపుతోంది. పక్కింటి సత్తెవ్వ గోడ మీదుగా పలకరిస్తోంది.

"బిడ్డ డాక్టరమ్మ ఆయె. నీకేం కొదువ?"

"ఏం డాక్టరు," అంది మా అమ్మ, నేను వింటున్నానని తెలిసీ. "ఇంట్ల చెంచా యాడున్నదో తెల్వదు దానికి. ఒక్క కూర మంచిగ చెయ్యరాదు. నోరు చూస్తె తాటి మట్ట. నీ కోడలే నయం సత్తెవ్వా, అచ్చం లచ్చిందేవి."

"మా కోడలా? దాని సంగతి నన్ను అడుగకు," అంది సత్తెవ్వ. ఆ కోడలు వంటింట్లోంచి నవ్వడం వినబడింది.

నేను కోపంగా లోపలికి పోబోయి గుమ్మంలోనే ఆగిపోయాను. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మా అమ్మ నన్ను ఒక్కసారి కూడా బాగున్నానని ఎవరితోనూ అనలేదు. మెడిసిన్ సీటు వచ్చిన రోజు, "ఏమో, చదువుతదో ఊకుంటదో," అంది. ఆ రాత్రే నాకు ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. మా దిక్కు ఏ తల్లీ తన పిల్ల బాగుందని నోటితో అనదు. అంటే దిష్టి తగులుతుంది. తినకపోతే తినడం లేదంటుంది, రెండు పళ్ళేలు లాగించినా తినడం లేదనే అంటుంది. ఇది నేను పుట్టి పెరిగిన నేల మీది సంగతి, పిచ్చుక ఎదురుగా నిలబడి ఒక పూటంతా విన్నాను, అయినా నా బుర్రకు తట్టలేదు.

బండి వెనక్కి తిప్పాను. వినీల్ ఆసుపత్రి క్వార్టరులో సర్వపిండి తింటున్నాడు.

"మీ అమ్మ నీ గురించి జనానికి ఏం చెబుతది?" అని అడిగాను.

"ఎందుకక్కా? మావాడు చాలా షార్పని చెబుతుంది. నాలుగో ఏటనే ఎక్కాలు అప్పజెప్పానని ఇప్పటికీ పెళ్ళిళ్ళలో చెబుతుంది. పరువు తీస్తుంది."

"అదిగో. నీ పిచ్చుకకు చదువు చెప్పింది గసొంటి తల్లులు. ఇక్కడి తల్లులు వేరు."

దిష్టి సంగతి అంతా విన్నాక వాడి చేతిలో ముక్క చేతిలోనే ఉండిపోయింది. ముందు ముఖం పాలిపోయింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు. "అంటే ఒక్క పిల్లకూ జబ్బు లేదా అక్కా? ఎంత మంచి మాట చెప్పావు," అన్నాడు. ఏళ్ళ కష్టం బోర్లా పడిందని ఏడవకుండా పిల్లలు బాగున్నారని నవ్వాడు చూడండి, అందుకే వాడంటే నాకు ఇష్టం.

"మరి నిజం ఎలా చెప్పించాలక్కా వీళ్ళతో?"

"కాకి పిల్ల కాకికి ముద్దే గాని, ఆ ముద్దు కాకి పైకి అనదు. కాని పొరుగింటి పుల్లకూర రుచి అన్నది కూడ మనవాళ్ళే గదా. పక్కింటి పిల్ల గురించి అడుగుమను నీ పిచ్చుకను."

వాడు పలక ముందేసుకున్నాడు. కొంతసేపటికి తలెత్తి, "అక్కా, ఇక్కడ ఏ తల్లీ పొగడదంటే, సౌజన్య ఎందుకు పొగిడింది?" అన్నాడు.

నాకు వేదిత చాపిన ఆ చెయ్యి గుర్తొచ్చింది.

ఆదివారం మళ్ళీ అందరినీ పిలిపించాను. పిచ్చుక మన్విత్ చేతిలో కూర్చుంది. ఈసారి పుష్పలతను బయట నిలబెట్టి, వాళ్ళ వీధిలోని ఇంకో ఆమెను లోపలికి పిలిచాం.

"అమ్మా, మీ పక్కింటి పిల్లవాడు ఎలా ఉంటాడు?"

"వాడా? మస్తు ఉషారు. మా ఇంట్లకొచ్చి గిన్నెలన్ని దేవులాడి తింటడు. గంపెడు ముచ్చట్లు చెప్తడు. మా పోరడున్నడు ఎందుకు, వాని కాలిగోటికి సరిపోడు."

ఆకుపచ్చ. వరండాలో చప్పట్లు. తన కొడుకు బాగున్నాడని పొరుగామె నోట విని, పుష్పలత అటు తిరిగి నవ్వుకొని, వెంటనే ఇటు తిరిగి, "ఆమెకేం తెల్సు, ఇంట్ల చూడాలె వాని సంగతి," అంది.

ఇక చూడండి సంబరం. దయ్యాలన్నీ దేవతలయ్యాయి, పిశాచాలన్నీ బాలకృష్ణులయ్యాయి. ఎవరి పిల్లను వాళ్ళు తిట్టుకున్న నోళ్ళే పక్కింటి పిల్లలను ఆకాశానికెత్తాయి. పిచ్చుక చింతాకు రంగు వదిలితే ఒట్టు. ఇద్దరు మాత్రం పసుపు దగ్గర ఆగారు. ఒకడికి నత్తి, ఒకడికి ఈ మధ్యే తాత పోయాడు. వాళ్ళతో వారం వారం మాట్లాడతానని నేను చెప్పాను. వినీల్ అక్కడికక్కడే ఫోను చేసి బస్సు రాకుండా ఆపించాడు. ఆ మాట వినగానే పిల్లలు వరండా మీంచి ఒక్కసారిగా దూకారు, మా సిస్టరు చేతిలో టీ కప్పు ఎగిరిపోయింది. నాకు ఆ చప్పుడు అంతకు ముందెప్పుడూ అంత బాగా అనిపించలేదు.

వేదిత ఒక్కతి మిగిలింది.

ఆమె అరచేతిలో పిచ్చుక కూర్చుంది. వాళ్ళ ఇంటి గోడకు ఆనుకొని ఉన్నది పుష్పలత ఇల్లే. పిచ్చుక అడిగింది.

"వేదితా?" పుష్పలత నోరు తెరిచి ఆగింది. ఊళ్ళో అందరికంటే పెద్ద నోరు ఆమెది. "ఏం చెప్పాలె. మంచి పిల్లనే అంటరు. గోడ అవుతల తమ్ముని ఏడుపు ఇంటం, తల్లి కేకలు ఇంటం. ఈ పిల్ల గొంతు..." నా వైపు చూసింది. "నేను ఇన్నట్టు యాదికి లేదు డాక్టరమ్మా."

పిచ్చుక మెడ తిప్పడం మానేసింది. పొరుగామె నుంచి దానికి పట్టుకోవడానికి మాట దొరకలేదు. పిల్ల నాడి ఒక్కటే మిగిలింది. ఆకుపచ్చ వెలిసిపోయింది, పసుపు దాటింది, ముదురు ఎరుపు దగ్గర నిలబడింది.

వినీల్ పలక నా ముందు పెట్టాడు. "చూడక్కా. నాడి వేగం మారడమే లేదు. ఇప్పుడే బయట అంత గోల జరిగింది, టీ కప్పు పగిలింది, అయినా మొన్నటిలాగే ఒకటే లెక్క. ఊపిరి కూడా పట్టి పట్టి వదులుతోంది. మొన్న ఇదే చూసి ప్రశాంతంగా ఉందనుకున్నాను."

గద్ద నీడ మీద పడితే కోడిపిల్ల ఇలాగే ఉంటుంది. కిక్కురుమనదు.

సౌజన్యకు కోపం వచ్చింది. రాదా మరి. "మొన్న మంచిదంటిరి. ఫొటో తీస్తిరి. ఇయ్యాల ఎర్రగైందా? అందరి పిల్లలు మంచోళ్ళయి నా పిల్లనే పాడైందా? ఈ పిల్ల మంచితనంతోనే గదా నా కొడుకు బతికింది."

"అట్లెందుకు అంటున్నవు సౌజన్యా?" అని మెల్లగా అడిగాను. రుత్విక్ ఆమె ఒళ్ళో నా ప్యాడ్ కాగితాలు చింపుతున్నాడు.

"మీకు తెల్వనిదేమున్నది. వీడు పుట్టినప్పుడు ఏడిస్తె నీలం రంగు తిరుగుతుండె. నేను దవాఖానల చుట్టు తిరుగుడు. అప్పుడు దీనికి చెప్పిన. నువ్వు లొల్లి చెయ్యకు బిడ్డా, ఉరుకకు, ఒర్రకు, నువ్వు సప్పుడు చేస్తె తమ్ముని గుండె ఆగిపోతది అని. అంతే, ఆ దినం నుంచి నోరు మెదపలేదు. నేను అందరికీ అదే చెప్త. ఇది సప్పుడు చెయ్యకుంట ఉన్నది గనుకనే వీడు దక్కిండని."

చెబుతూ చెబుతూనే ఆమె గొంతు సన్నబడింది. తను అన్న మాట తనకే అప్పుడు వినబడినట్టుంది.

నేను కుర్చీ దిగి వేదిత ముందు నేల మీద కూర్చున్నాను. "నువ్వు ఉరికితె ఏమైతది బిడ్డా?"

పిల్ల తమ్ముడి వైపు చూసింది. ఆ తర్వాత నా చెవి దగ్గరికి వంగి, ఊపిరికంటే కాస్త పెద్ద గొంతుతో చెప్పింది.

"తమ్ముడు సచ్చిపోతడు."

సౌజన్య భోరుమంది. కూతుర్ని వాటేసుకొని, "లేదు బిడ్డా, నేను ఊకె అన్న. వాడు బాగైండు. ఎన్నడో బాగైండు," అంటూ ఏడ్చింది. వేదిత ఏడవలేదు. తల్లి వీపు నిమిరింది. తమ్ముడి వైపు బెదురుగా చూస్తూ, "అమ్మా, సప్పుడు జెయ్యకు," అంది.

వినీల్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఎవరి మీద కోపం? కొడుకు ప్రాణం గుప్పెట్లో పెట్టుకొని తిరిగిన తల్లి మీదా? ఆపరేషను అయ్యాక తల్లికి చెప్పారు, తండ్రికి చెప్పారు, ఫోనులో నాకూ చెప్పారు. ఈ పిల్లకు మాత్రం అయిపోయింది ఇక ఆడుకో అని చెప్పాలని మాలో ఎవరికీ తోచలేదు. ఇప్పుడు చెబితే నమ్మడం లేదు. ఎందుకు నమ్ముతుంది? ఇన్నాళ్ళూ తను నోరు మూసుకుంది, తమ్ముడు బతికే ఉన్నాడు. ఆమె లెక్క ఆమెకు సరిపోయింది.

ఆ లెక్క మాటలతో చెరిగేది కాదు. స్టెతస్కోపు తీసి వేదిత చెవుల్లో పెట్టాను. రుత్విక్‌ను బల్ల మీద కూర్చోబెట్టి, చేతికి ఒక బిస్కెట్టు ఇచ్చి, బిళ్ళ వాడి ఛాతీ మీద ఆనించాను. వేదిత కళ్ళు పెద్దవయ్యాయి. తమ్ముడి గుండె ఆమె ఎప్పుడూ వినలేదు. అది ఆగిపోతుందేమోనని మాత్రం ఇన్నాళ్ళూ కాపలా కాసింది.

"ఇనబడుతుందా?"

తలూపింది.

"ఇప్పుడు చిటికె వెయ్యి."

చాలాసేపు వెయ్యలేదు. మేమెవరమూ తొందరపెట్టలేదు. చివరికి వేళ్ళు కలిపి, శబ్దం వచ్చీ రానట్టు ఒక్క చిటికె వేసి, ఊపిరి బిగబట్టి విన్నది. గుండె తన పని తను చేసుకుపోతోంది. ఇంకో చిటికె. ఆ తర్వాత తనంతట తానే చప్పట్లు కొట్టింది, ఒకటి, ఆగి రెండు. విన్నది. కాలితో నేలను తట్టింది. విన్నది. పిచ్చుక బల్ల చివర పక్కకు పడి ఉంది, దాని పొట్ట ఎవరమూ చూడడం లేదు.

"పేరు పెట్టి పిలువు," అన్నాను.

"తమ్మీ."

గొంతు బొంగురుగా వచ్చింది, వాడకం లేక. రుత్విక్ బిస్కెట్టు నములుతూ ఆమె ముఖంలోకి చూసి కిలకిలా నవ్వాడు. వేదిత ఉలిక్కిపడి బిళ్ళ ఇంకా గట్టిగా నొక్కింది.

"కొట్టుకుంటాంది," అంది నాతో. "డాక్టరమ్మా, ఇంక జోరుగ కొట్టుకుంటాంది."

"నవ్విండు గదా, అందుకే. నవ్వితె అట్లనే ఉంటది."

ఆమె కాసేపు ఆలోచించింది. తర్వాత చుట్టూ చూసి, బల్ల మీది స్టీలు ట్రే తీసి, నా ముఖం వైపు చూసింది. నేను తలూపాను. దాన్ని నేల మీద పడేసింది. ఆ మోతకు పుష్పలత గుమ్మం బయట అదిరిపడింది. వేదిత కళ్ళు మూసుకొని విన్నది. కళ్ళు తెరిచాక ఆ ముఖం చూడాల్సింది. నేను ఎన్నో కాన్పులు చేశాను, పుట్టిన పిల్ల మొదటిసారి ఏడిస్తే ఎంత సంతోషమో నాకు తెలుసు. ఆ రోజు అంతకంటే ఎక్కువ సంతోషపడ్డాను.

"ఒర్రుతె?" అని అడిగింది.

"ఒర్రు."

ఆమె ఒర్రింది. ఏ మాటా లేదు, ఉత్త కేక. లోపలి నుంచి తోడుకొని తోడుకొని ఒర్రింది. వరండాలో పిల్లలంతా కిటికీకి అతుక్కున్నారు. మన్విత్‌కు సంగతేమిటో తెలియదు, అయినా వాడూ ఒర్రాడు. ఒకరి వెంట ఒకరు అందరూ ఒర్రారు. రుత్విక్ చేతులు ఊపుతూ వంత పాడాడు. ఆ గోలలో వేదిత బిళ్ళను తమ్ముడి ఛాతీ మీంచి తీయకుండా ఒక్కో కేకకూ మధ్య ఆగి వింటోంది, విని మళ్ళీ మొదలుపెడుతోంది. సౌజన్య నేల మీద కూలబడి ఏడుస్తూ నవ్వుతోంది. వినీల్ చెవులు మూసుకొని గంతులు వేస్తున్నాడు.

కేకలు తగ్గాక రుత్విక్ కన్ను ఆ గొట్టం మీద పడింది. చాపి పట్టుకొని లాగాడు. ఏది లాగితే అది అక్క వదిలేస్తుందని వాడికి తెలుసు. వేదిత వదల్లేదు. వాడు ఆశ్చర్యపోయి రెండు చేతులతో లాగాడు.

"నేనియ్య," అంది వేదిత. "నాది."

నిజానికి అది నాది. ఆసుపత్రిలో ఉన్నదీ అదొక్కటే, బయట జ్వరాలవాళ్ళు వరుసలో ఉన్నారు. సౌజన్య విడిపించడానికి లేవబోతే చెయ్యి పట్టి కూర్చోబెట్టాను. రుత్విక్ బల్ల మీద వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటూ రాగం ఎత్తుకున్నాడు. వేదిత వంగి, ఏడుస్తున్న ఆ ఛాతీ మీద బిళ్ళ పెట్టి, శ్రద్ధగా విని, "ఏం గాలె, మంచిగున్నడు," అని మాకు చెప్పి, స్టెతస్కోపు మెడలో వేసుకొని బయటికి ఉరికింది.